ఎడిషన్‌కి పట్టిన గాలి

“ఈ రెండు పుస్తకాల్లో ఒకదానికి గాలి పట్టింది. ఏదో తేలిపోతే దాన్ని కాల్చేస్తాను. మరి మాటల్లేవు,” అంది వాసవీకుమారి.

బరంపురం బడా బజార్‌లో కింద కిరాణా కొట్టు, పైన ఇల్లు. ఆ ఇంట్లో వారం నుంచి కొడుకు రాఘవేంద్రా, కూతురు నాగశ్రీ కొట్టుకుంటున్నారు. ఆస్తి కోసమైతే ఆమెకు అర్థమయ్యేదే. వాళ్లు కొట్టుకునేది ఆట కోసం. నలుగురూ బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక మాంత్రికుణ్ణని చెప్పుకుని, పాచికలు దొర్లిస్తూ లేని కోటల మీద మంత్రాలు వేసే ఆట. దాని నియమాల పుస్తకానికి కొత్త ఎడిషన్ వచ్చింది. నాగశ్రీ తెప్పించింది.

రాఘవేంద్ర ఆ పుస్తకం తెరవకముందే తీర్పు చెప్పేశాడు. తెరిస్తే అభిప్రాయం మారే ప్రమాదముందని ఇప్పటికీ తెరవలేదు.

“పాతదాన్లో మంత్రం ఎయ్యాలంటే మాంత్రికుడు ముందు తనకి ప్రాణమైనదొకటి వదులుకోవాల. అదీ మంత్రమంటే. కొత్తదాన్లో ఏటి? రాత్రి పడుకుని లేస్తే పోయిన శక్తంతా తిరిగొచ్చేస్తాదంట. ఆడు మాంత్రికుడా, మొబైల్ ఫోనా?”

“నీ భైరవశాస్త్రి ఆరేళ్లుగా అన్నీ వదులుకుంటన్నాడు కదా అన్నియ్యా. ఒక్క కోటైనా పట్టినాడా?” అంది నాగశ్రీ. “ఈ ఆదివారం నుంచీ కొత్తదే ఆడతాం. దిలీప్, చందన ఒప్పేసుకున్నారు.”

కొత్త ఎడిషన్‌లో అందరూ మొదటి మెట్టు నుంచే మొదలుపెట్టాలి. రాఘవేంద్ర ఆటలో ఆరేళ్లు పెంచుకున్న తన మాంత్రికుడు భైరవశాస్త్రి విద్యలన్నీ రాసుకున్న కాగితం పాత పుస్తకంలో మడిచి ఉంది. ఆ పుస్తకం అచ్చు ఎప్పుడో ఆపేశారు. ఇదంతా నలుగురిలో చెప్పుకుని ఏడుద్దామంటే అతనికి సంబంధాలు చూస్తున్నారు.

“ఇదిగో, నా కళ్లెదురుగానే,” అంది వాసవీకుమారి. “ఇది గాలి కాకపోతే ఏటి? గిరిసోల దగ్గిర లక్ష్ముడని గుణియా ఉన్నాడు. ఏ వస్తువులో గాలున్నా పట్టేస్తాడంట. రాఘవా, బండి తీసుకుని ఎల్లు.”

తల్లి మాట రాఘవేంద్ర అంత చురుగ్గా విని చాలా కాలమైంది.

లక్ష్ముణ్ణి ఎక్కించుకుని తిరిగి వచ్చేటప్పుడు దారిలో బండి ఆపి, కొట్లోంచి తెచ్చిన జీడిపప్పు పొట్లం అతని సంచిలో పెట్టాడు.

“ఏటి బాబూ ఇది?”

“తినడానికే. అమ్మ రెండు పుస్తకాలు సూపిస్తాది. గాలి కొత్తదాన్లో ఉంది.”

“తమరికెలగ తెలిసినాది?”

“ఆరేళ్లుగా నాకు మంత్రాలతోనే పని.”

లక్ష్ముడు అతని వంక గౌరవంగా చూశాడు. తన వృత్తిలోకి ఇంత చదువుకున్నవాళ్లు వచ్చారని అతనికి తెలీదు.

“నాకు ఇంగిలీసు రాదు బాబూ. ఏది కొత్తదో ఏది పాతదో ఎలగ పోల్సీది?”

రెండు అట్టల మీదా అదే గుడ్లగూబ. పాతది కూడా ఎవరి చేతికీ ఇవ్వకుండా అద్దాల బీరువాలో దాచినదే, నలగలేదు. రాఘవేంద్రకి దాన్ని కొన్న రోజు గుర్తొచ్చింది. అమ్మ నాలుగు మూలలకీ పసుపు పెట్టాకే చేతికిచ్చింది.

“మూలలకి పసుపున్నది మంచిది. దాని జోలికెల్లకు. పసుపు లేనిదాన్లోనే ఉంది గాలి.”

“అది మా లెక్కే బాబూ. పసుపున్న కాడ గాలుండదు,” అన్నాడు లక్ష్ముడు, తోటి పనివాడితో అన్నట్టు.

ఇంటికి వచ్చేసరికి వాసవీకుమారి ఆ గుడ్లగూబల మొహాలు చూడలేక రెండు పుస్తకాల్నీ వేరువేరు ఎర్రగుడ్డల్లో మూట కట్టేసి, మేడ మీద కుంపట్లో నిప్పులు సిద్ధం చేసింది. లక్ష్ముడు సాంబ్రాణి జల్లాడు. ఆ పొగలో రెండు మూటలూ తన వైపు తిప్పుకుని, ముడులు విప్పి, కొంచెం తొంగి చూసి, మళ్లీ కట్టాడు. ఒకసారి వాసన చూశాడు. ఒకసారి దగ్గాడు. పుస్తక విమర్శ అంత క్లుప్తంగా ఉండొచ్చని రాఘవేంద్రకి అప్పుడే తెలిసింది.

“ఇదే తల్లీ,” ఎడమ చేతివైపు మూట చూపించాడు లక్ష్ముడు.

నాగశ్రీ కళ్లు చెమర్చాయి. “తాతా, ఇంకోపాలి సూడు.”

“సూడక్కర్నేదమ్మా. సేతికి సురుక్కుమంటంది.”

“పెద్దాళ్లు సెప్పినాక కాదనకూడదు నాగీ,” అన్నాడు రాఘవేంద్ర. “నువ్వు జరుగమ్మా, సెయ్యి కాలతాది. నేనేస్తాను.”

మూట కుంపట్లో వేసి, పైన కర్పూరం కూడా వేశాడు. గుడ్డ కాలి గుడ్లగూబ బయటపడింది. అది నల్లబడి ముడుచుకునేదాకా పుల్లతో ఎగదోస్తూనే ఉన్నాడు.

“ఎంతైనా కొత్త ఎడిషన్ కదా,” అని చెల్లెల్ని ఓదార్చాడు. “బాగా మండింది.”

లక్ష్ముడు చేతులు కడుక్కుని మెట్లు దిగాడు. రాఘవేంద్ర రెండో మూట ఒళ్లో పెట్టుకుని, భైరవశాస్త్రి కాగితం కోసం ముడి విప్పాడు. మూలలకి పసుపు ఉంది. వేలికి అంటింది. పుస్తకం తెరిస్తే కాగితాలు ఒకదానికొకటి అతుక్కుని, అచ్చు వాసన గుప్పుమంది. ఆరేళ్ల నాటి పసుపు వెలిసిపోయి ఉంటుందన్న సంగతి అతనికి అప్పుడు తట్టింది. కుంపట్లోకి చూశాడు. అక్కడ బూడిద తప్ప ఏమీ లేదు.

“అమ్మా... దీనికి పసుపెవరు పెట్టినారు?”

“నేనే, ఇందాక మూట కడతా పెట్టినాను,” అంది వాసవీకుమారి. “గాలి సంగతి గాలిదే. కొత్త పుస్తకం ఇంట్లోకొస్తే పసుపెట్టకుండా ఎలగుంచుతాన్రా?”