ఏడో బోను

"ఐదు దాటితే నా చేతుల్లో ఏమీ లేదు. డాక్టరు వస్తాడు, సూది వేస్తాడు, వెళ్తాడు" అన్నాడు గుమాస్తా, రిజిస్టరులోంచి తలెత్తకుండా.

"ఇంకా రెండు గంటలుందిగా, ఆ ఫోను ఇటివ్వండి" అంది ఆయా.

కుక్కల షెల్టరు మొత్తానికి ఉన్నది ఆ ఒక్క ఫోనే. కుక్కను వదిలించుకుంటామని పేర్లు రాయించుకున్నవాళ్ల లిస్టు గుమాస్తా దగ్గర ఉంటుంది. పెంచుకుంటామన్నవాళ్ల లిస్టు ఆయా దగ్గర ఉంటుంది. అది బారెడు, ఇది జానెడు.

ఏడో బోనులో ఉన్నది నల్లమచ్చల కుక్క. వచ్చి నలభై రోజులైంది. వచ్చిన రోజు గోడవైపు తిరిగి కూర్చుంది, మళ్లీ ఇటు తిరగలేదు. తిండి సరిగా ముట్టదు. ముందుకాలు నాకి నాకి పుండు చేసుకుంది. పక్క బోనుల్లో అరుపులకి ఉలిక్కిపడి గోడకి ఇంకాస్త అతుక్కుపోతుంది. ఆయా దానికి అలకరాజు అని పేరు పెట్టింది. కుక్కల్ని చూడ్డానికొచ్చిన వాళ్లు దాని వీపు చూసి పక్క బోనుకి నడిచేవారు. వాళ్లని అని ఏం లాభం? వీపు చూపించేవాణ్ణి ఎవరు మాత్రం ఇంటికి రమ్మంటారు! ఈ పొద్దున బోనుకి ఎర్రచీటీ వేలాడదీశారు, అంటే సాయంత్రం ఆఖరి సూది.

ఆయా ముందు సొంత అక్కకే ఫోను చేసింది.

"ఇంట్లో మొరగడానికి మీ బావ ఒకడున్నాడు, చాలడా?" అంది అక్క.

"ఇది మొరగదే అక్కా. అసలు నోరే తెరవదు."

"అయితే మీ బావని అక్కడ పెట్టుకుని దాన్ని పంపు" అని నవ్వి పెట్టేసింది.

తర్వాత రిటైరైన మాస్టారు. "కాపలా కాస్తుందా?" అని అడిగాడాయన.

"ప్రస్తుతానికి గోడని కాస్తోందండీ" అంది ఆయా. ఆవిడకి అబద్ధం చేతకాదు. ఈ ఉద్యోగానికి అదే పెద్ద లోటు.

టైలరు ఇల్లు ఇరుకన్నాడు. మందులషాపు ఆవిడ వచ్చేవారం చూద్దామంది. నాలుగయ్యేసరికి జానెడు లిస్టూ అయిపోయింది.

"ఇక నా పని చూసుకోనిస్తావా?" అంటూ గుమాస్తా ఫోను లాక్కున్నాడు. ఆయా వెళ్లి ఏడో బోను ముందు చతికిలబడింది. "నాకు చేతనైనంత చేశాన్రా" అంది ఆ వీపుతో. ఏడుపొచ్చింది, ఏడ్చింది.

నాలుగున్నరకి వరండాలో చెప్పుల చప్పుడయింది. నలిగిన చొక్కా మనిషి ఒకడు బోనుల నంబర్లు చూసుకుంటూ వచ్చాడు.

"ఏడో నంబరు ఇదేనాండీ?"

ఆయా ఒక్క ఉదుటున లేచింది. ఆవిడకన్నా ముందు కుక్క లేచింది. గిర్రున ఇటు తిరిగి కడ్డీల మీదికి ఎగబాకి, కుయ్ కుయ్‌మంటూ అతని వేళ్లు నాకేస్తోంది. తోకొక్కటే కాదు, ఒళ్లంతా ఊగిపోతోంది.

"ఏ జన్మ బంధమో!" అంది ఆయా.

అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ముఖం మాత్రం పక్కకి తిప్పుకున్నాడు.

"కింద గోనెపట్టా వేస్తారా? నేల చల్లగా ఉంటుందేమో."

"వేస్తామండీ. కావాలంటే ఈ గోనె మీరే తీసుకెళ్లండి."

"రోజుకి ఎన్నిసార్లు పెడతారు?"

"రెండుసార్లు. మీరు మాత్రం కొంచెం కొంచెంగా పెట్టండి. పొట్ట ఎండిపోయింది పాపం."

"ఒక్కటే ఉంటే బెంగ పెట్టుకుంటుందేమో."

"మీరుండగా దానికింకా బెంగేమిటండీ!"

అతని కళ్లలో నీళ్లు తిరగడం ఆయా చూసింది. కుక్క కోసం కళ్లనీళ్లు పెట్టుకునేవాడి ఇంట్లో కుక్కకి ఏం తక్కువవుతుంది? ఎర్రచీటీ పీకి ముక్కలు చేసింది. గడియ తీసి, మెడకి తాడు కట్టింది. అలకరాజు బయటికొచ్చి అతని పాదాల మీద కూర్చుని, నలభై రోజుల్లో మొదటిసారి నిమ్మళంగా కళ్లు మూసుకున్నాడు.

బయట డాక్టరు స్కూటరు ఆగింది.

"ఈ రోజు ఆయన వచ్చిన దారినే పోతాడు" అని నవ్వుతూ ఆయా తాడు కొస అతనికి అందించింది. "పట్టుకోండి, ఇక ఇది మీదే."

అతను తాడు పట్టుకోలేదు.

"నలభై రోజుల కింద దీన్ని ఇక్కడ వదిలింది నేనేనమ్మా" అన్నాడు పాదాల వంక చూడకుండా. "దీంతో కలిసి పుట్టిన రెండోది బయట బండిలో ఉంది. ఐదింటికి ఈ బోను ఖాళీ అవుతుంది, దాన్ని తెమ్మని ఇందాకే మీ గుమాస్తాగారు ఫోను చేశారు."