బోనులో తాళాల బాబాయ్

బోను కర్రని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు తాళాల బాబాయ్. ఇవాళ ఆయన సాక్షి.

పోలీసు స్టేషన్లో పట్టుబడిన సరుకు దాచే గది ఆయనది. ఇరవై ఆరేళ్ళుగా ఆ తాళాలు ఆయన నడుముకే. అందుకే ఆ పేరు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాడు.

ఎదురుగా బల్లమీద పిడికెడంత ప్యాకెట్టు. లోపల మత్తుపొడి, పైన లక్క ముద్ర. కుట్టుమిషను సొరుగులో దొరికిందని కేసు. ఆ మిషను మీద జాకెట్లు కుట్టి బతికే మనిషి అవతల నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది. రుజువైతే పదేళ్ళు.

పొద్దున భార్య చొక్కా అందిస్తూనే చెప్పింది. "అవునంటే అవును, కాదంటే కాదు. అంతే చెప్పి వచ్చెయ్యండి. అసలే మీకు నోరు పెగలదు."

కోర్టు వరండాలో, ఈ కేసు పెట్టిన ఇన్‌స్పెక్టరు భుజమ్మీద చెయ్యేశాడు.

"ఏం బాబాయ్, ఆ చెమటలేంటి, పెళ్ళిచూపులకొచ్చినట్టు? ప్యాకెట్టు నీ చెయ్యి దాటలేదు. ఆ ముక్క చెప్పి దిగిపో."

"అలాగే సార్."

ఆ ఇన్‌స్పెక్టరే ఇప్పుడు వెనక వరసలో కూర్చుని రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

ముద్దాయి తరఫు లాయరమ్మ లేచింది. ప్యాకెట్టు ఒక్క గంటసేపు ఎవరి దగ్గరుందో తేలకపోయినా చాలు, కేసు నిలవదు. ఆ గంట కోసమే ఆమె వేట.

"తాళంచెవి ఎక్కడ పెట్టుకుంటారు?"

"నడుముకమ్మా."

"స్నానం చేసేటప్పుడో?"

"సబ్బుపెట్టెలో."

కోర్టంతా ఘొల్లున నవ్వింది.

"ఎలక దూరినా సంతకం పెట్టించుకునే రకం" అని గొణిగాడు తలుపు దగ్గర జవాను.

"సెలవు పెట్టలేదా ఎప్పుడూ?"

"జ్వరమొస్తే ఆ గది ముందే పడుకున్నానమ్మా."

"పరీక్షకి ల్యాబుకెవరు తీసుకెళ్ళారు?"

"నేనే. బస్సులో ఒళ్ళో పెట్టుకుని. వాళ్ళు సంతకం పెట్టాకే వదిలాను."

"లక్క ముద్ర?"

"చెక్కు చెదరలేదు."

ఒక్కో జవాబుకీ కుట్టుపనామె మొహం పాలిపోతోంది. ఇన్‌స్పెక్టరు కాలుమీద కాలేసుకున్నాడు.

పెన్షను బాబాయ్ కళ్ళముందు తిరిగింది. భార్య మందుల సంచి తిరిగింది. చీకటి పడ్డాక ఇంటికి నడిచే సందు కూడా తిరిగింది.

లాయరమ్మ విసుగ్గా కాగితాలు మడిచింది.

"అంటే బుధవారం సాయంత్రం ఈమెని పట్టుకున్నప్పటి నుంచీ ప్యాకెట్టు మీ దగ్గరే ఉంది. అంతేగా? ఇక దిగండి."

బాబాయ్ దిగలేదు.

"కాదమ్మా."

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది.

లాయరమ్మ గిరుక్కున తిరిగింది. గంట దొరికేసిందన్నంత సంబరం ఆమె కళ్ళల్లో.

"కాదా? మరి మధ్యలో ఎక్కడికి పోయింది?"

బాబాయ్ వెనక్కి చూడలేదు. జడ్జిగారికేసే చూశాడు.

"ఎక్కడికీ పోలేదమ్మా, ఇన్‌స్పెక్టరుగారు దాన్ని నా చేతికిచ్చింది అంతకు ముందు సోమవారం నాడు."