స్టేషన్ రాయి

"ఈడ పాతిన సర్వేరాయి ఏమైందమ్మా?" యలహంకలో పట్టాల పక్కన ముళ్లకంపలన్నీ వెతికి విసిగిపోయిన సర్వేయరు అడిగాడు.

బట్టలు ఉతుకుతున్న సొన్నమ్మ తలెత్తి చూసింది. "తొంభై ఏడులో పాతింది నువ్వే కదప్పా? రెండేండ్లలో ఈడ్నే లోకల్ రైలు స్టేషన్ అంటివి. మా ఇంటాయన నీకు మజ్జిగ కూడా ఇచ్చె. పదేండ్లకి గుర్తొచ్చిందా?"

"ఈసారి లోకల్ రైలు గ్యారంటీగా వస్తుంది. గవర్నమెంటు రాయి దొంగిలిస్తే కేసవుతుంది, తెలుసా?"

"దొంగతనమా!" చేతిలోని చీరను బండకేసి కొట్టి లేచింది. "రా, చూపిస్తా."

తడికొంగుతోనే పట్టాలు దాటి, అతన్ని శ్మశానంలోకి తీసుకెళ్లింది. ఒక మట్టిదిబ్బ తలాపున ఆ రాయి నిలబడి ఉంది. పసుపు కుంకుమల కింద ఎర్రరంగు నంబరు ఇంకా కనిపిస్తోంది.

"మా ఇంటాయన దినామూ బస్సుకి వేలాడతా కూలికి పోతాండె. రైలొచ్చేదాకా ఈ తిప్పలు తప్పవు అంటాండె. పోయినేడు ఫుట్‌బోర్డు మీంచి జారి చక్రం కింద పడె."

సర్వేయరు చెప్పులు విప్పాడు.

"చెప్పులెందుకు ఇప్పుతావు? టేపు తియ్యి, కొల్సుకో. మీ స్టేషన్ ఇదే. మా ఇంటాయన ఒక్కడే రైలుకి కాచుకోని ఉండాడు."