బోరు నీళ్లు

“అమ్మా, కింద వాటాకి మనిషి దొరికాడు. ఆర్నెల్ల అడ్వాన్సు రేపే ఇస్తాడంట. సాయంత్రంలోపు ఖాయం చేస్తానన్నాడు.”

“ఎవరు బాబాయ్?” అంది జ్యోతిర్మయి.

“పేరుతో పనేముందమ్మా. అద్దె ఎగ్గొట్టే మనిషి మాత్రం కాదు.”

బ్రోకర్ బుడే ఫోన్ పెట్టేయగానే, డాబా మీద ఆరబోసిన మిరపకాయల మధ్యే ఆమె ఒక గంతేసింది. నాలుగు కాయలు కాలి కింద చిట్లాయి.

పెళ్లైన నెలకే ప్రేమ్‌చంద్ పనిచేసే స్పిన్నింగ్ మిల్లు మూతపడింది. ఇంటి లోను కిస్తీలు ఆగిపోయాయి. గడువు పెంచమంటే బ్యాంకు ఒప్పుకోలేదు. ఇల్లు అమ్మితే వచ్చేది అప్పుకే చాలదు. కింద వాటా అద్దెకిచ్చి తాము డాబా మీది రేకుల గదిలో సర్దుకోవడం ఒక్కటే దారి. నెలాఖరులోపు కట్టకపోతే ఇంటికి తాళం.

“వానొస్తే రేకుల మీద చప్పుడు భలే ఉంటుందండీ.”

“నిద్ర పట్టదు.”

“పట్టకపోతే మానె.”

ప్రేమ్‌చంద్ నవ్వేలోపే కింద వీధి తలుపు గడియ ఊడిపడింది.

రికవరీ ఏజెంటు యలమంద. ఆ పేరు చెబితే చాలు, చిలకలూరిపేటలో తలుపులు మూసుకుంటాయి.

“ఏరా, ఫోనెత్తవేంట్రా?” మెట్లు దిగి లోపలికొచ్చిన ప్రేమ్‌చంద్‌ని చొక్కా పట్టి లాగి గోడకేసి కొట్టాడు. పెదవి చిట్లింది. గోడకి రక్తం అంటింది. యలమంద ఆ మరకని బొటనవేలితో రుద్ది చూశాడు.

“మంచి రంగే వేయించావ్. తుడిస్తే పోద్ది.”

“రేపు కట్టేస్తాం అన్నా. అద్దెవాళ్లొస్తున్నారు...”

“రేపు రేపని రోజూ వినే మాటేగా నాకు.”

కడుపులో గుద్దాడు. కుర్చీ ఎత్తి వీపు మీద విరగ్గొట్టాడు. పెళ్లి ఫొటో నేలకేసి కొట్టి, గాజు పెంకులు తొక్కుకుంటూ వంటగదిలోకి తొంగిచూశాడు.

“పొయ్యి తూర్పుకేనా? వానకి కురుస్తదా?”

“వేలానికి వెల కడుతున్నావా?” వెనకే మెట్లు దిగొచ్చిన జ్యోతిర్మయి పళ్లు నూరింది.

వాడు ప్రేమ్‌చంద్‌ని జుట్టు పట్టి లేపాడు.

ఆమె కారం డబ్బాలో చెయ్యి ముంచింది. గుప్పెడు తీసి వాడి కళ్లలో కొట్టింది. వాడు ఎద్దులా రంకె వేశాడు. పచ్చడిబండ అందుకుని భుజం మీద ఒకటి, చెవి మీద ఒకటి వేసింది. చెవి నుంచి రక్తం కారింది. గుడ్డిగా విసిరిన మోచెయ్యి తగిలి ఆమె గ్రైండరు మీద పడింది. నేల మీదున్న ప్రేమ్‌చంద్ దొరికిందే చాలని వాడి పిక్క పట్టి కొరికాడు.

యలమంద కుంటుతూ, తడుముకుంటూ వెళ్లి కుళాయి కింద తల పెట్టాడు. చాలాసేపు కళ్లు కడుక్కున్నాడు. పుక్కిలించాడు. రెండు దోసిళ్లు తాగాడు.

“బోరు నీళ్లా? తియ్యగా ఉన్నాయే. మా వైపు ఉప్పు కషాయం.”

జ్యోతిర్మయి బండ దించలేదు. మోకాలు చీరుకుపోయినా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“చంపినా ఈ ఇల్లు ఇవ్వం.”

వాడు ఎర్రటి కళ్లతో ఆమెని చూశాడు. బండని చూశాడు. ఊడిన గడియని చూశాడు.

“ముందు ఆ గడియ బాగు చేయించండి. ఆడకూతుళ్లుండే ఇల్లు.”

చెవి దగ్గర రక్తం చొక్కాకి తుడుచుకుని, జేబులోంచి ఫోన్ తీసి చెవికి ఆనించుకున్నాడు.

“బుడే భాయ్, ఇల్లు ఖాయం చేసెయ్, రేపు పొద్దున్నే మా ఆవిడొచ్చి పాలు పొంగిస్తది.”