పై అరలోని పంజరం

పంజరం ఇలక్కియ చేతిలోంచి జారి నేలకు తగిలింది. నైలాన్ వల పర్రున చిరిగింది. లోపలి దోమలన్నీ ఒక్కసారిగా గదిలోకి లేచాయి.

ఆమె తలుపు గడియ వైపు పరుగెత్తింది.

"తియ్యొద్దు పాపా," అన్నాడు అటెండరు సుబ్బరాయలు, తలుపు అద్దానికి అవతల నిలబడి. ఆయన వెనక వరండాలో కాలేజీ పిల్లలు టిఫిన్ డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. "ఏ పంజరం అది? చీటీ చూడు."

ఇలక్కియ వంగి చూసింది. చీటీ మీద చందనం, దాని మీద కుంకుమ. మొన్న ఆయుధపూజకు సుబ్బరాయలు పంజరాలు రెండూ దించి తుడిచి, భక్తికొద్దీ చీటీల మీదనే బొట్లు పెట్టాడు. అక్షరం ఒక్కటీ మిగల్లేదు.

పాండిచ్చేరిలోని ఆ కాలేజీలో పరిశోధనకు దోమలను పెంచే గదిలో ఉన్నవి ఆ రెండు పంజరాలే. ఒకదానిలో డెంగ్యూ రోగం ఎక్కించిన ఆడదోమలు. రెండోదానిలో ఉత్త మగదోమలు. ఆ గదిలో పనిచేసే ఇలక్కియకు నిరుడే ఒకసారి డెంగ్యూ వచ్చింది. మళ్లీ వస్తే ప్రాణం మీదికి రావచ్చని డాక్టరు అప్పుడే చెప్పి పంపాడు.

కదలొద్దనీ, దోమలు ఊపిరిని పసిగట్టే వస్తాయి కాబట్టి మెల్లగా పీల్చుకోమనీ సుబ్బరాయలు చెప్పాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడిపోయింది. చెవి పక్కన సన్నగా రొద. ఒకటి చెంప మీద వాలి లేచింది. ఇంకొకటి మెడ మీద నడిచింది. తోలుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు.

"మామా, కుడితే తెలుస్తాదా?"

ఆయన కాసేపు కళ్లు మూసుకుని ఏదో గుర్తు చేసుకున్నాడు.

"యాడ నించి తీసినావు పాపా?"

"పై అరలోంచి."

"బాగా గుర్తుందా?"

"స్టూలెక్కి దించినా గదా మామా."

సుబ్బరాయలు అద్దానికి నుదురు ఆనించి, పెద్దగా ఊపిరి వదిలాడు.

"బతికినావు పో. పూజ అయినాక మగవాటిని పై అరలో పెట్టింది నేనే. అవి కుట్టవు. గుడ్లు పెట్టేదానికి నెత్తురు కావాల్సింది ఆడదానికి. మగదానికి చక్కెర నీళ్లుంటే చాలు."

"మరి నా మీదెందుకు వాలతా ఉండాయి?"

"పెండ్లిచూపులకు వచ్చినాయి. చూసి పోతాయిలే."

ఇలక్కియకు నవ్వు వచ్చింది. నవ్వుతోపాటే కళ్లలో నీళ్లూ తిరిగాయి. వాటివల్ల ఎవరికీ భయం లేదనీ, గడియ తీసి బయటికి వచ్చేయమనీ ఆయన సైగ చేశాడు.

ఆమె గడియ మీద చెయ్యి వేసింది. మణికట్టు మీద ఒక దోమ ముల్లు దించి కూర్చుని ఉంది. దాని పొట్ట మెల్లగా ఎర్రబడుతోంది.