మూడుసార్లు తట్టాడు

ఆ సాయంత్రం రెస్టారెంటులోకి అడుగుపెట్టేసరికి పాత కుర్చీల వ్యాపారి చేతిలో ఏమీ లేదు. మధ్యాహ్నమే దుకాణం అమ్మేసి, తాళాలగుత్తి కొన్నవాడి చేతిలో పెట్టి వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా జేబును కిందికి లాగిన గుత్తి లేకపోయేసరికి నడక కూడా ఒక పక్కకి ఒరిగినట్టుంది. మూతపడే హోటళ్ళ బల్లలూ కుర్చీలూ మోసి మోసి అరిగిపోయిన నడుము మాత్రం ఆయనతోనే వచ్చింది.

"ఇవాళ నువ్వు కుర్చీలో కూర్చోవాలి, అంతే. దానికి ధర కట్టకూడదు," అన్నాడు దర్జీ. విందు అతనిదీ, పళ్ళ డాక్టరుదీ. ముగ్గురూ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు. పేటలో అన్నిటికన్నా ఖరీదైన చోటని ఇక్కడికి లాక్కొచ్చారు.

"ఒట్టురా. ఇకమీదట నాకు కుర్చీ అంటే కూర్చునేదే."

అంటూ చెయ్యి బల్ల మీద వేశాడు. వేసిన చెయ్యి ఊరుకుందా? అంచు కిందికి పోయి చెక్కను తడిమింది. మెటికలతో మూడుసార్లు తట్టింది. టక్, టక్, టక్. అసలైన టేకు.

మంచినీళ్ళు పోస్తున్న సర్వరు అలాగే చూస్తూ ఉండిపోయాడు. నీళ్ళు గ్లాసు దాటి బల్ల మీదికి పారాయి.

ఆ తట్టుడు సంగతి పేటలోని వంటవాళ్ళందరికీ తెలుసు. ఆయన బల్ల తట్టాడంటే వారం తిరక్కుండా ఆ హోటలు బోర్డు దిగిపోతుంది. ఇంతవరకూ తప్పింది లేదు. మూసేవాళ్ళు పిలిస్తేనే ఆయన వెళ్ళేవాడన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

సర్వరు వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ రాలేదు. లోపల గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి వంటమేస్త్రి టోపీ చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు.

"అయ్యా, ఎప్పుడు మూస్తున్నారో మాక్కూడా ఓ మాట చెబితే వేరే పని చూసుకుంటాం కదా."

"నన్నడుగుతావేం? భోజనానికొచ్చాను బాబూ!"

"అందరి దగ్గరా అలాగే అంటారటగా."

డాక్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "నేను ముట్టుకుంటే పన్నే ఊడుతుంది. నువ్వు ముట్టుకుంటే హోటలే ఊడుతుంది కదరా!"

ఇంతలో యజమాని వచ్చాడు. కళ్ళ కింద నలుపు, మెడకు బిగిసిన టై. కుర్చీ లాక్కుని వ్యాపారి పక్కన కూలబడ్డాడు.

"మీకెవరు చెప్పారు?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏమని?"

"మూసేద్దామనుకుంటున్నానని. మా ఆవిడకి కూడా చెప్పలేదే!"

వ్యాపారి చటుక్కున చెయ్యి బల్ల మీంచి తీసేసుకున్నాడు. "నాకేం తెలీదండీ. దుకాణం అమ్మేశాను. మీ కుర్చీలు నాకొద్దు," అన్నాడు.

యజమాని నీరసంగా నవ్వాడు. "వద్దంటే ధర దిగుతుందని నాకూ తెలుసు. సరే, సగానికి తీసుకోండి."

"నిజంగా వద్దు. తీసుకెళ్ళి ఎక్కడ పెట్టుకోను? నాకు గోడౌనే లేదు."

"చోటు కూడా కావాలన్నమాట. ఈ హోటలు చోటూ మీదే. ఏడాది అద్దె ముందే కట్టేశాను."

"ఏమండీ, వాడు నిజంగానే మానేశాడు," అని దర్జీ అడ్డొచ్చాడు.

"బేరానికి మనుషుల్ని కూడా వెంటేసుకొచ్చారా! మీతో గెలవలేనండీ. సగంలో సగం."

ముప్పై ఏళ్ళు గొంతు చించుకున్నా ఏనాడూ దిగని ధర, వద్దన్న కొద్దీ దిగిపోతోంది. వ్యాపారి తల అడ్డంగా ఊపుదామనే అనుకున్నాడు. నోరు మాత్రం తన పాత ఉద్యోగం తాను చేసుకుపోయింది.

"ఆ అద్దాల అల్మారా కూడా కలిపితే..."

"కలిపాను!"

యజమాని లేచి చెయ్యి చాపాడు. వ్యాపారీ లేచి చెయ్యి కలిపాడు. అరచేతిలో ఏదో చల్లగా తగిలింది. తాళాలగుత్తి. దర్జీ తల పట్టుకున్నాడు.

"అబ్బ! హోటలు పెట్టిన ఆరేళ్ళలో ఇవాళే ఆకలేసింది," అంటూ యజమాని టై విప్పి, వ్యాపారి లేచిన కుర్చీలో తాపీగా కూర్చున్నాడు. "డాక్టరుగారూ, తినడానికి ఏం చెబుదాం?"

వంటమేస్త్రి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. టోపీ తలమీద పెట్టుకుని లోపలికి వెళ్ళి, ట్రేతో తిరిగొచ్చి, వ్యాపారి ముందు నిలబడ్డాడు.

"అయ్యగారూ, సర్వరు ఇంటికెళ్ళిపోయాడు. నాలుగో బల్లవాళ్ళు అరగంట నుంచీ ఎదురుచూస్తున్నారు."

ఉత్త చేతులతో వచ్చిన మనిషికి ఆ పూట మిగిలింది ఇదీ: ఒక చేతిలో తాళాలగుత్తి, రెండో చేతిలో నాలుగో బల్లవాళ్ళ సూపు.