ముళ్లపంది దిబ్బకు ఒకటే దుంగ

వరదకు అడవంతా మునిగి ఒక ఎత్తైన గట్టు, దాని ముందు ఆరు మట్టిదిబ్బలు మాత్రమే మిగిలాయి. దిబ్బల మీద చిక్కుకున్న జంతువులకు జ్వరం పట్టుకుంది. కూలిన చెట్ల దుంగలే దిబ్బల మధ్య వంతెనలు. అందరికీ మందాకు ఇచ్చి రమ్మని గట్టు మీదున్న అడవిదున్న ముంగిసకు చెప్పింది. మట్టి నానిపోయింది కాబట్టి ఏ దిబ్బనూ రెండోసారి తొక్కకూడదని, అన్నీ చుట్టి మళ్లీ గట్టుకే చేరాలని షరతు పెట్టింది.

ముంగిస గట్టున కూర్చుని పొద్దున్నుంచీ బురదలో దారులు గీసి చూసింది.

"కుదరదు మామా. ముళ్లపంది దిబ్బకు తాబేలు దిబ్బ నుంచి ఒకటే దుంగ ఉంది. తిరిగొచ్చేటప్పుడు తాబేలు దిబ్బను మళ్లీ తొక్కాల్సిందే," అంది.

"నీకు ఓపిక లేదు. ఇంకోలా గీసి చూడు," అంది దున్న.

"కుడివైపు నుంచి మొదలుపెట్టకూడదూ?" అంది పక్కనున్న నక్క.

"పెట్టాను. ఎడమ నుంచీ పెట్టాను. ఎటు నుంచి వెళ్తే మాత్రం రెండో దుంగ మొలుస్తుందా?"

"తెలివైనవాళ్లకు ఈపాటికి దారి దొరికేది," అంది నక్క.

ముంగిస ఆకుల మూట నోట కరుచుకుని బయల్దేరింది. ఒక్కో దిబ్బనూ ఒక్కసారే తొక్కి, ఆఖరున తాబేలు దిబ్బ దాటి ముళ్లపందిని చేరింది. అక్కడే కూర్చుండిపోయింది.

"వెనక్కి రావేం?" అని దున్న గట్టు మీంచి కేకేసింది.

"అందరికీ మందు అందింది. వెనక్కి దారి మొదటి నుంచీ లేదు. నేను రావాలంటే ఇంకో దుంగ వెయ్యి మామా."

దున్న రుసరుసలాడుతూ గట్టు మీది ఎండిన మద్దిమానును కొమ్ములతో నెట్టి, సాయంత్రానికి ముళ్లపంది దిబ్బ మీదికి కూల్చింది. ఎటు నెట్టాలో నక్క చివరిదాకా చెబుతూనే ఉంది.